సెలవులకి వెళ్లలేదు, కెమెరా మాత్రం కొన్నాడు: ఇంటి ఫోటోలతో ఫోటోగ్రఫీ నేర్చుకున్నవాళ్ల కథ

మీ తాతయ్య వాళ్ల కాలం నాటి నలుపు తెలుపు ఫోటో ఒకటి గుర్తు తెచ్చుకోండి. స్టూడియోలో పూలకుండీ పక్కన నిలబెట్టి తీసింది కాదు. బయట, ఎండలో, ఇంటి ముందో గుడి ముందో తీసింది. అందులో అందరూ కళ్లు చికిలించుకుని చూస్తుంటారు. ఎవరూ కెమెరాకి దగ్గరగా ఉండరు, తల నుంచి చెప్పుల దాకా మొత్తం కనపడుతుంటారు. కొన్ని ఫోటోల్లో కింద అంచు దగ్గర ఒక నల్లటి నీడ కూడా ఉంటుంది. టోపీ పెట్టుకున్నట్టో, మోచేతులు బయటికి పెట్టి నిలబడ్డట్టో ఉండే నీడ.

పాపం ఫోటో తీయడం రాదు అని మనం నవ్వుకుంటాం. నిజానికి వాళ్లు కెమెరాతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటించారు. ఆ పుస్తకం ఎందుకు అలా చెప్పింది, అసలు మామూలు మనిషి చేతిలోకి కెమెరా ఎలా వచ్చింది, వచ్చాక ఇంట్లోవాళ్లని, ఊళ్లు తిరిగినప్పుడు తీసుకున్న ఫోటోలని పట్టుకుని కొందరు ఫోటోగ్రఫీ ఎలా నేర్చేసుకున్నారు అనేది ఈ రోజు కథ. ఈ కథ మొదలయ్యేది కూడా ఒక సెలవుల ప్లాన్‌తోనే. తమాషా ఏంటంటే ఆ ప్రయాణం జరగనే లేదు.

సంవత్సరం 1877. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ అనే ఊరు. అక్కడ బ్యాంకులో గుమాస్తాగా పనిచేసే ఒక కుర్రాడు ఉన్నాడు. పేరు జార్జ్ ఈస్ట్‌మన్. 1854లో పుట్టాడు. ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. అమ్మ ఇంట్లో అద్దెకి మనుషుల్ని పెట్టుకుని సంసారం నడిపింది. ఈయన టీనేజీలోనే బడి మానేసి, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో వారానికి మూడు డాలర్లకి ఆఫీస్ బాయ్‌గా చేరాడు. తర్వాత బ్యాంకులోకి వచ్చాడు. అంటే జాగ్రత్తగా, పైసా పైసా లెక్క రాసుకునే మనిషి అన్నమాట.

ఈయన సెలవు పెట్టి కరీబియన్‌లో శాంటో డొమింగోకి వెళ్దామనుకున్నాడు. అక్కడికే ఎందుకంటే, ఆ చుట్టుపక్కల అమెరికా నౌకా స్థావరం పెడుతుందని అప్పట్లో ఒక మాట నడిచేది. భూములు కొంటే లాభం వస్తుందేమో చూద్దామని కూడా. మనవాళ్లు ఆదివారం వెంచర్ చూడటానికి వెళ్తారు చూడండి, అలా. అప్పుడు తోటి ఉద్యోగి ఒకాయన, వెళ్లేవాడివి కెమెరా తీసుకెళ్లి అన్నీ ఫోటోలు తీసుకు రావచ్చు కదా అన్నాడు. బాగానే ఉందే అని ఈస్ట్‌మన్ సామాను కొన్నాడు.

సామాను అని ఎందుకంటున్నానంటే, అప్పటి పద్ధతి తెలియాలి. దాన్ని తడి ప్లేటు పద్ధతి అంటారు. ఒక గాజు పలక తీసుకోవాలి. దాని మీద కలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పొయ్యాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. అది ఆరిపోకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, మళ్లీ ఆరకముందే కడిగెయ్యాలి. మొత్తం కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. ఆరితే ఫోటో పోయినట్టే. అందుకని ఎక్కడ ఫోటో తీస్తే అక్కడ చీకటి గది కావాలి. అంటే డేరా. ఇంకా గాజు పలకలు, రసాయనాల సీసాలు, గాజు తొట్టి, నీళ్ల కూజా, బండ లాంటి ట్రైపాడ్, మన మైక్రోవేవ్ అంత కెమెరా. ఒక గుర్రం మోసే బరువు అని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఇవన్నీ వాడటం నేర్పినందుకు ఊళ్లో ఫోటోగ్రాఫర్‌కి అయిదు డాలర్లు ఫీజు కూడా కట్టాడు.

శాంటో డొమింగో ప్రయాణం ఆగిపోయింది. కెమెరా మాత్రం ఇంట్లో ఉండిపోయింది. ఒకసారి బయటికి తీసుకెళ్తే ట్రంకుపెట్టెలో పెట్టిన తొట్టిలోంచి సిల్వర్ నైట్రేట్ కారి బట్టలన్నీ మరకలయ్యాయి. ఆ మరక ఎలాంటిదో మీకు తెలుసు. ఓటేసినప్పుడు మన వేలికి పెట్టే ఇంకులో ఉండేది అదే.

ఆయన జీవితచరిత్రల్లో ఇంకో కథ చెబుతారు. మాకినాక్ అనే ద్వీపానికి షికారు వెళ్లినప్పుడు, అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఒకటి ఉంటే దాన్ని ఫోటో తియ్యడానికి సామానంతా దించాడట. అక్కడున్న టూరిస్టులు, ఈయన ఫోటోలు తీసి అమ్ముకునే మనిషి అనుకుని వంతెన మీదకెక్కి ఫోజులిచ్చి నిలబడ్డారు. ఈయన తీరిగ్గా పలక పోసి, ముంచి, పెట్టి, తీసేసరికి చాలాసేపయింది. అయ్యాక ఒకతను వచ్చి ఎంత అని అడిగాడు. అమ్మకానికి కాదండి, నేను సరదాకి తీస్తున్నాను అన్నాడు ఈస్ట్‌మన్. అవతలాయనకి మండిపోయింది. మమ్మల్ని ఇంతసేపు ఎండలో నిలబెట్టి ఇప్పుడా చెప్పేది, మెడలో బోర్డు కట్టుకుని తిరగొచ్చు కదా అని తిట్టిపోశాడట. సరదాకి ఫోటో తీసే మనిషి ఒకడు ఉంటాడనే ఊహే అప్పటికి జనానికి లేదు. నాకు ఈ కథలో నచ్చేది అదే.

ఇక్కడ చాలామంది కెమెరా అటక మీద పడేస్తారు. ఈయన మాత్రం ఇంత కష్టం ఎందుకుండాలి అని పట్టుకున్నాడు. అప్పటికే ఇంగ్లండులో కొందరు జెలటిన్ పూత వేసిన పొడి ప్లేట్లు తయారుచేస్తున్నారు. ముందే పూసి ఆరబెట్టుకోవచ్చు, తర్వాత ఎప్పుడైనా కడుక్కోవచ్చు. ఆ వివరాలు పత్రికల్లో చదివి, పగలు బ్యాంకులో పనిచేసి, రాత్రిళ్లు వాళ్లమ్మ వంటింట్లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒక్కోరోజు అలిసిపోయి పొయ్యి పక్కనే కింద పడుకుని నిద్రపోయేవాడట. 1881లో బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. గాజు పోయి చుట్టగా చుట్టే ఫిల్మ్ వచ్చింది. 1888లో ఆయన కంపెనీ ఒక చిన్న పెట్టె కెమెరా తెచ్చింది. దాని పేరే కొడాక్.

ఆ కెమెరా ఎలా పనిచేసేదో చూడండి. ధర 25 డాలర్లు, అప్పట్లో చిన్న మొత్తం కాదు. లోపల 100 ఫోటోలకి సరిపడా ఫిల్మ్ ముందే పెట్టి ఇస్తారు. చూసుకోవడానికి వ్యూఫైండర్ లేదు, పెట్టె పైన రెండు గీతలుంటాయి, ఆ దిక్కున గురిపెట్టాలి. దారం లాగాలి, బటన్ నొక్కాలి, తాళం లాంటిది తిప్పాలి. ఎన్ని తీశామో చూపించే నెంబరు కూడా లేదు, మనమే పుస్తకంలో రాసుకోవాలి. ఫోటోలు గుండ్రంగా వచ్చేవి. అంచుల్లో లెన్స్ సరిగా పనిచేయదు, పైగా కెమెరా వంకరగా పట్టుకున్నా గుండ్రటి ఫోటోలో అంతగా తెలియదు. నూరూ అయిపోయాక కెమెరా మొత్తం కంపెనీకి పంపెయ్యాలి. పది డాలర్లు తీసుకుని వాళ్లు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్మ్ పెట్టి వెనక్కి పంపుతారు. మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం అనేది వాళ్ల ప్రకటన.

అంటే ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి అంత యాతన పడ్డ మనిషే, ఇంకెవరూ నేర్చుకోవాల్సిన పని లేకుండా చేశాడు. మరి నేర్చుకోవక్కర్లేకపోతే నేర్చుకునేవాళ్లు ఉంటారా? మీ ఫోన్‌కి కూడా ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. రాత్రి పూట తీసినా వెలుగు అదే సర్దుకుంటుంది, వెనక భాగం అదే మసక చేస్తుంది. మిగతాది అది చూసుకుంటుంది.

దీనివల్ల జరిగిన ఇంకో సంగతి ఉంది, రెండు మాటల్లో చెప్పి వెళ్లిపోతాను. కెమెరా చేతిలో ఇమిడేసరికి బీచుల్లో, వీధుల్లో అడగకుండా ఫోటోలు తీసేవాళ్లు తయారయ్యారు. 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో ప్రైవసీ హక్కు గురించి వ్యాసం రాస్తే, అందులో క్షణంలో తీసే ఫోటోల ప్రస్తావన ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017లో మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినప్పుడు ఆ పాత వ్యాసం కూడా చర్చకి వచ్చింది. సరదా కెమెరా ఎక్కడి దాకా వెళ్లిందో చూడండి.

సరే, ఇప్పుడు మొదట్లో చెప్పిన కళ్లు చికిలించే సంగతి. ఆ కాలం ఫిల్మ్‌కి వెలుగు ఎక్కువ కావాలి. పెట్టె కెమెరా లెన్స్ రంధ్రం చిన్నది, షట్టర్ వేగం ఒక్కటే. కాబట్టి మంచి ఎండ ఉంటేనే ఫోటో పడేది. ఎండ నేరుగా లెన్స్‌లోకి పడితే ఫోటో తెల్లబోతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో, సూర్యుడు ఫోటో తీసేవాళ్ల వెనక ఉండాలి, లేదా భుజం మీదుగా రావాలి అని రాసేవారు. సూర్యుడు తీసేవాళ్ల వెనకుంటే నిలబడ్డవాళ్ల కళ్లలో ఎండ పడుతుంది. కళ్లు చికిలించక ఏం చేస్తారు? ఫోకస్ కూడా ముందే బిగించేసి ఉంటుంది. అయిదారు అడుగుల కంటే దగ్గరికెళ్తే ముఖం మసకబారుతుంది. అందుకే అందరూ దూరంగా, చెప్పులతో సహా. ఇక కింద అంచున కనపడే నీడ ఎవరిదంటే, ఫోటో తీస్తున్న మనిషిది. సాయంత్రం పూట సూర్యుడు వెనకుంటే ఆ నీడ ముందుకి సాగి ఫోటోలోకి వచ్చేస్తుంది. చాలా ఇళ్ల ఆల్బమ్‌లలో నాన్న ఫోటో ఒక్కటీ ఉండదు, ఆ నీడ తప్ప.

1900 ఫిబ్రవరిలో కొడాక్ వాళ్లు బ్రౌనీ అనే కెమెరా తెచ్చారు. అట్టపెట్టెకి లెన్స్ పెట్టినట్టు ఉంటుంది. ధర ఒక్క డాలరు. ఆరు ఫోటోల ఫిల్మ్ 15 సెంట్లు. పిల్లలకోసం అని ప్రకటనలిచ్చారు, పిల్లలకి క్లబ్బులు పెట్టారు. మొదటి ఏడాదే లక్షా యాభై వేలకి పైగా పంపించారు. ఇక సెలవులకి వెళ్తే కెమెరా లేకుండా వెళ్లకూడదు అన్నంతగా ప్రచారం జరిగింది. చారల గౌను వేసుకుని కెమెరాతో ఊళ్లు తిరిగే కొడాక్ అమ్మాయి బొమ్మ దశాబ్దాల పాటు ఆ ప్రకటనల్లో కనపడింది. సెలవు అంటే ఫోటో అనే అలవాటు మనకి ఊరికే రాలేదు, అమ్మిపెట్టారు. అయినా అది మంచి అలవాటేనని నా అభిప్రాయం.

ఆ బ్రౌనీల్లో ఒకటి 1916లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పద్నాలుగేళ్ల పిల్లాడి చేతికి వచ్చింది. ఇంట్లోవాళ్లతో కలిసి యోసెమిటీ లోయకి సెలవులకి వెళ్తే అమ్మానాన్నలు కొనిచ్చారు. వాడు హాఫ్ డోమ్ అనే పెద్ద రాతి కొండని తియ్యడానికి, ఎత్తు కోసం ఒక పాత చెట్టు మోడు ఎక్కాడు. పుచ్చిపోయిన మోడు కూలిపోయింది. తలకిందులుగా పడుతూ పడుతూ బటన్ నొక్కేశాడు. తర్వాత రీలు కడిగినాయన, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ ఒక్కటి తలకిందులుగా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాడట. ఆ పిల్లాడు మరుసటి ఏడాది ఫోటోలు కడిగే చోట పనికి కుదిరాడు. పియానో వాయించేవాడు కావాలనుకుని ఏళ్ల తరబడి సాధన చేశాడు. కానీ ప్రతి ఏడాదీ ఆ లోయకి వెళ్తూనే ఉన్నాడు, తీస్తూనే ఉన్నాడు. ఆయనే ఆన్సెల్ ఆడమ్స్. ప్రకృతి ఫోటోలు అనగానే ప్రపంచంలో మొదట చెప్పుకునే పేర్లలో ఒకటి.

కెమెరా అదే, మిగతా పిల్లలకి ఇచ్చినదే. తేడా ఎక్కడొచ్చిందంటే, ఈయన వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లాడు. కడిగే గదిలోకి కూడా వెళ్లి, మిగతాది మేం చూసుకుంటాం అన్నవాళ్లు ఏం చూసుకుంటున్నారో తానూ చూశాడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. ఫ్రాన్స్, 1894, జాక్ ఆన్రీ లార్టిగ్ అనే పిల్లాడు పుట్టాడు. చాలా డబ్బున్న ఇల్లు, అది దాచక్కర్లేదు. ఇంట్లో కార్లు, పనివాళ్లు, వేసవికి వేరే ఊళ్లో పెద్ద బంగళా. నాన్నకి ఫోటోగ్రఫీ సరదా. ఈ పిల్లాడికి చిన్నప్పుడు ఒక ఆట ఉండేదట. నచ్చింది ఏదైనా కనపడితే కళ్లు టపటపా ఆర్పి, గిర్రున తిరిగి, దాన్ని కళ్లలో బంధించేశాననుకునేవాడు. కొన్నాళ్లకి ఆ మంత్రం పనిచెయ్యడం మానేసింది, బెంగ పెట్టుకున్నాడు. 1902లో నాన్న సొంత కెమెరా ఇచ్చాడు. అది ఎంత పెద్దదంటే, ఈ పిల్లాడు స్టూలు ఎక్కితే గానీ అందేది కాదు.

వాడు ఏం తీశాడు? ఇంట్లో ఉన్నదే తీశాడు. అమ్మ, నాన్న, పిల్లులు, ఆయా, అన్నయ్య. అన్నయ్యని ఇంట్లో జిస్సూ అని పిలిచేవారు. ఆ జిస్సూకి ఒకటే పిచ్చి, చక్రాల బళ్లు చెయ్యడం, రెక్కలు కట్టుకుని ఎగరడం. రూజా అనే ఊళ్లో వాళ్ల వేసవి బంగళా తోటలో జిస్సూ చేసిన గ్లైడర్ నేల మీంచి లేస్తున్నప్పుడు తమ్ముడు తీసిన ఫోటో ఇవాళ మ్యూజియాల్లో ఉంది. 1905లో వాళ్ల కజిన్ బిషోనాడ్, పొడుగాటి గౌను, టోపీ, మెట్ల మీంచి గాల్లోకి దూకింది. పిల్లాడు సరిగ్గా ఆ క్షణంలో నొక్కాడు. ఆమె నేలకి తగలకుండా గాల్లో తేలుతూ ఉంది. అదే ఏడాది తన బొమ్మ కార్లని తియ్యడానికి కెమెరాని గది నేల మీద పెట్టేశాడు. కారు ఎత్తులోంచి చూస్తే బొమ్మకారు నిజం కారంత అవుతుందని ఎవరూ పాఠం చెప్పలేదు. నేల మీద పడుకుని ఆడుకునే పిల్లాడికి ప్రపంచం అలాగే కనపడుతుంది కాబట్టి అలా పెట్టాడు.

ఇంట్లోవాళ్లని తియ్యడంలో ఉన్న పెద్ద లాభం ఇక్కడుంది. బయటివాళ్లకి తెలియనిది మనకి తెలుస్తుంది. అన్నయ్య ఎప్పుడు పరిగెత్తుతాడో, నానమ్మ ఎప్పుడు నవ్వి వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుందో ఆ ఇంటి పిల్లాడికి ముందే తెలుసు. ఆ అర సెకను ముందే వేలు సిద్ధంగా ఉంటుంది. అది డబ్బు పెట్టి కొన్న కెమెరాలో రాదు.

లార్టిగ్ ఇంకో పని చేసేవాడు. ప్రతిరోజూ డైరీ రాసేవాడు. ఆ రోజు వాతావరణం, ఏం చేశాడు, దానితో పాటు ఆ రోజు తీసిన ఫోటోలు ఎలా వచ్చి ఉంటాయో గుర్తున్నంత వరకు చిన్న చిన్న బొమ్మలు గీసేవాడు. ప్లేటు కడగకముందే. కడిగాక ఆ బొమ్మనీ ఫోటోనీ పక్కపక్కన పెట్టుకుంటే తను చూశాననుకున్నది ఏంటి, కెమెరా చూసింది ఏంటి, తెలిసిపోతుంది. ఇంతకంటే మంచి ఫోటోగ్రఫీ క్లాసు నాకు తెలియదు, అదీ ఫీజు లేకుండా. తర్వాత ఫోటోలన్నీ ఆల్బమ్‌లలో అంటించి కింద పేర్లు, తేదీలు రాసుకున్నాడు. అలా జీవితమంతా. వందకి పైగా పెద్ద ఆల్బమ్‌లయ్యాయి.

పెద్దయ్యాక పెయింటర్ అయ్యాడు. తనని ఫోటోగ్రాఫర్ అని ఆయన అనుకోలేదు, లోకమూ అనుకోలేదు. 1963లో, అంటే దాదాపు డెబ్భై ఏళ్ల వయసులో, న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో జాన్ సార్కోవ్‌స్కీ ఆ చిన్ననాటి ఫోటోలతో ప్రదర్శన పెట్టాడు. అదే ఏడాది నవంబరులో లైఫ్ పత్రిక కూడా వేసింది. కెన్నెడీ హత్య వార్తతో వచ్చిన సంచిక అది, కాబట్టి ఇంటింటికీ చేరింది. పది పన్నెండేళ్ల పిల్లాడు వాళ్లింట్లో ఆడుకుంటూ తీసినవి ప్రపంచం తెల్లబోయి చూసింది. 1979లో అన్నీ ఫ్రెంచి ప్రభుత్వానికి ఇచ్చేశాడు, 1986లో చనిపోయాడు.

ఆయన ఫోటోల్లో ఒక రేసు కారు ఉంటుంది, గ్రాండ్ ప్రీలో తీసింది. కారు చక్రం గుండ్రంగా కాకుండా ముందుకి ఒరిగిన గుడ్డులా ఉంటుంది. పక్కన జనం, స్తంభాలు అటువైపు ఒరిగి ఉంటాయి. కారు సగం ఫ్రేములోంచి బయటికి పోయింది. పాడైపోయిన ఫోటో అనుకుని ఆయన దాన్ని పక్కన పడేశాడు. ఎందుకలా వచ్చిందంటే, ఆ కెమెరా షట్టర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు. ఒక సన్నని చీలిక ప్లేటు మీదుగా జరుగుతూ వెళ్తుంది. అది ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెళ్లేలోపు కారు ముందుకి పోతుంది. పైగా ఈయన కెమెరాని కారుతో పాటు తిప్పాడు, కాబట్టి కదలని జనం వెనక్కి ఒరిగారు. మీరు రైల్లో కిటికీ దగ్గర కూర్చుని ఫోన్‌తో ఫోటో తీస్తే పట్టాల పక్కన కరెంటు స్తంభాలు ఒరిగి వస్తాయి కదా, కారణం అదే. ఫోన్ సెన్సర్ కూడా బొమ్మని వరసలు వరసలుగా చదువుతుంది. ఆ పాడైన ఫోటోనే ఇవాళ వేగానికి గుర్తుగా పుస్తకాల్లో వేస్తారు. ఆయన దాన్ని దాచకుండా ఉంటే? ఈ రోజుల్లో అయితే డిలీట్ బటన్ మీద వేలు పడేది.

మన దేశానికి వద్దాం. మన హైదరాబాద్ పేరు చెప్పగానే రాజా దీన్ దయాళ్ గుర్తొస్తారు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినాయన. చాలామందికి తెలియని సంగతి, ఆయన చదివింది రూర్కీలో ఇంజనీరింగ్, చేసింది ఇండోర్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. 1870లలో ఫోటోగ్రఫీ సరదాగా పట్టుకుని ఉద్యోగం పక్కన నేర్చుకున్నాడు. హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం, ఆడవాళ్లే నడిపే జనానా స్టూడియో 1892లో తెరిచాడు. అంటే అంతకుముందు ఆ ఇళ్లలో నానమ్మలకి, అమ్మమ్మలకి ఫోటో అనేదే కష్టం. ఆయన కథ వేరే ఎపిసోడ్ అంత ఉంది, ఇక్కడ ఆపేస్తాను.

ఇంటి ఫోటోలంటే చెప్పుకోవాల్సింది ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ గురించి. 1870లో పుట్టాడు, పంజాబు జమీందారీ కుటుంబం, సంస్కృతం, పారశీకం చదువుకున్న పండితుడు. భార్య హంగరీ ఆవిడ. ఇద్దరు కూతుళ్లు, అమృత, ఇందిర. ఈయనకి ఉద్యోగం లేదు, ఫోటోలు అమ్మలేదు. దాదాపు అరవై ఏళ్లు ఇంట్లోవాళ్లని తీస్తూ కూర్చున్నాడు. బుడాపెస్ట్‌లో, సిమ్లాలో, పారిస్‌లో, ఇల్లు ఎక్కడికి మారితే అక్కడ. కూతుళ్లు చదువుకుంటుంటే, వేషాలు వేసుకుంటుంటే, పియానో దగ్గర కూర్చుంటే. అద్దం ముందు అమృత ఉంటే అద్దంలో ఇంకో అమృత కనపడేలా.

పెద్ద కూతురు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ అయింది. 1941లో లాహోర్‌లో 28 ఏళ్లకే చనిపోయింది. ఆమె చిన్నతనం మనకి ఇంత దగ్గరగా కనపడుతోందంటే, నాన్న తీసినందువల్ల. గొప్ప కళాకారిణిని రికార్డు చేస్తున్నానని ఆయన తియ్యలేదు. కూతురు కాబట్టి తీశాడు.

ఈయన మిగతా నాన్నల్లా కెమెరా వెనకే ఉండిపోలేదు. తన ఫోటోలు తనే బోలెడన్ని తీసుకున్నాడు. పదిహేను రోజులు ఉపవాసం చేశాక ఒంటి మీద చొక్కా లేకుండా నిలబడి తీసుకున్నది కూడా ఉంది, 1930లో, పారిస్‌లో. సెల్ఫీ మన తరం కనిపెట్టిందనుకునేవాళ్లు అది చూడాలి. 2001లో ఇందిర కొడుకు, కళాకారుడు వివాన్ సుందరం, తాతయ్య తీసిన ఈ పాత ఫోటోలని కంప్యూటర్‌లో కలిపి కొత్త చిత్రాలు చేశాడు. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఊళ్లలో తీసిన తాత, పిన్ని కాని పెద్దమ్మ, అమ్మ, ఒకే గదిలో ఉన్నట్టు.

ఆడవాళ్లు తీసిన ఫోటోలేవీ అంటారా? హోమాయ్ వ్యారావాలా ఉన్నారు. 1913లో నవసారిలో పుట్టిన పార్సీ అమ్మాయి, మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. నెహ్రూ ఫోటోలు మీరు చూసే ఉంటారు, తీసిందెవరో తెలియకపోయినా. ఆవిడ మొదట్లో పత్రికకి ఇచ్చిన ఫోటోలు ఏంటో తెలుసా? బొంబాయిలో ఆడవాళ్ల క్లబ్బు వాళ్లు వెళ్లిన పిక్నిక్. బాంబే క్రానికల్ వేసుకుని ఒక్కో ఫోటోకి ఒక రూపాయి ఇచ్చింది. తర్వాత కూడా మొదట్లో కొన్ని భర్త పేరు మీదే అచ్చయ్యాయి. జేజే ఆర్ట్స్ స్కూల్లో తోటి అమ్మాయిలని తీస్తూ చెయ్యి తిప్పుకున్నారు.

మన ఇళ్లకి కెమెరా వచ్చింది ఇంకా తర్వాత. అంతకుముందు ఫోటో అంటే స్టూడియోనే. పెళ్లయితే ఒకటి, పాపాయి పుడితే ఒకటి, తిరుపతి వెళ్లొస్తే గుండుతో ఒకటి. తర్వాత కొంచెం జీతం వచ్చే ఇళ్లలోకి ఆగ్ఫా క్లిక్ త్రీ వచ్చింది. బరోడాలో తయారయ్యేది. ఫోకస్ లేదు, ఎండకి ఒక గుర్తు, మబ్బుకి ఒక గుర్తు, అంతే. రీలు వేస్తే 12 ఫోటోలు. మీకు రీల్ అంటే ఇన్‌స్టాగ్రామ్, వాళ్లకి రీలు అంటే ఈ ఫిల్మ్ చుట్ట. ఫిల్మ్ మన దేశంలోనే చెయ్యాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. ఇందు అనే పేరుతో ఫిల్మ్ వచ్చేది. ఇప్పుడది మూతపడింది.

పన్నెండు అంటే ఎంతో ఊహించండి. గండిపేట పిక్నిక్‌కి నాలుగు, అక్క ఓణీల ఫంక్షన్‌కి అయిదు, మిగతా మూడు సంక్రాంతి దాకా దాచాలి. రీలు అయితే గానీ కడిగించరు. అంటే వేసవిలో తీసిన ఫోటో ఎలా వచ్చిందో జనవరిలో తెలుస్తుంది. చాలా పెట్టె కెమెరాల్లో నాబ్ తిప్పడం మర్చిపోతే ఒకదాని మీద ఒకటి పడేది, గండిపేట కట్ట మీద కూర్చున్న అత్తయ్య పొట్టలోంచి చార్మినార్ లేచేది. ఆ ఒక్క ఫోటో వల్ల ఇంట్లో తిట్లు పడినవాడు జన్మలో మళ్లీ నాబ్ మర్చిపోడు. ప్రతి క్లిక్కుకి డబ్బు, ప్రతి తప్పుకి సాక్ష్యం ఉండేది. ఆ నెలల ఎదురుచూపు నాకు గొప్పగా ఏం అనిపించదు, అది లేకపోవడమే సుఖం. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కడిగి వచ్చిన ఆ పన్నెండూ ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, ఒక్కోటీ చేతులు మారుతూ చూసేవారు. ఇది ఎందుకు మసకేసింది, తల ఎందుకు తెగింది అని అందరూ తలో మాట అనేవారు. లార్టిగ్ ఒంటరిగా డైరీలో చేసిన పనిని వీళ్లు గుంపుగా, కాస్త గట్టిగా అరుచుకుంటూ చేశారు.

మీరు ప్రయత్నించి చూడొచ్చు. వచ్చేసారి ఊరెళ్లినప్పుడు రోజుకి 12 ఫోటోలే అని పెట్టుకోండి. రాత్రి ఫోన్ తెరవకముందు ఆ పన్నెండులో గుర్తున్నవి ఒక కాగితం మీద గీయండి, బొమ్మ వచ్చినా రాకపోయినా. తర్వాత గ్యాలరీ తెరిచి పోల్చుకోండి. ఇంకో పని, ఎవరు ఎవరో, ఏ ఊరో ఫోటో కింద రాయండి. ఫోన్ తేదీ రాస్తుంది, చోటు రాస్తుంది. ఆ పక్కన నిలబడ్డ ఆవిడ మీ నాన్నకి మేనత్త అవుతుందని అది రాయదు. ఇంకా, ఎప్పుడూ ఫోన్ పట్టుకుని నిలబడేవాళ్లెవరో వాళ్ల చేతిలోంచి ఒకసారి తీసుకోండి.

మన పాత ఆల్బమ్‌లలో ఉన్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, కానీ చాలామందికి ఎనభై దాటింది. పేర్లు చెప్పగలిగేది వాళ్లే. కాబట్టి ఈ ఆదివారమే ఆ ట్రంకుపెట్టె దించండి. వచ్చే ఎపిసోడ్‌లో దీన్ దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో గురించి, ఆ జనానా స్టూడియో గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.